అన్నిటికీ ఒకే టిక్కు

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్లు ఐదుగురు. కిటికీ పక్క చేతుల కుర్చీలో నాన్న. ఎదురుగా ప్లాస్టిక్ స్టూలు మీద, ఏ నిమిషానైనా లేచి వెళ్లిపోయేలా అంచున కూర్చున్న షాపాయన, అంటే నాన్న పనిచేసే కుట్టు షాపు ఓనరు. గోడవారగా మంచం మీద కాళ్లు చాపుకుని నాయనమ్మ. వంటింటి గుమ్మంలో, ఒళ్లో తెల్లచొక్కాల కుప్ప పెట్టుకుని కాజాలు కుడుతున్న అమ్మ. బీరువాకీ గోడకీ మధ్య సందులో, స్కూలు సంచీ ఇంకా భుజానే ఉంచుకుని పిల్లి.

పిల్లి అంటే నాలుగు కాళ్ల పిల్లి కాదు. తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి. నడిస్తే అడుగు చప్పుడు వినపడదనీ, మనుషులు వస్తే ఏదో ఒక సందులోకి దూరుతుందనీ చిన్నప్పుడు నాన్న ఆ పేరు పెట్టాడు. బళ్లో హాజరు పిలిచేటప్పుడు తప్ప అసలు పేరు ఆమెకే గుర్తుండదు.

షాపాయన టీ సగం తాగి గ్లాసు కింద పెట్టాడు.

"మాస్టారూ, మీ దగ్గర దాచేదేముంది. కొత్తగా ఒక కటింగ్ మాస్టర్ని పెట్టాను. మంచివాడే. కానీ మీ బల్ల మీ బల్లే. వచ్చే నెల కాక ఆ పై నెల ఆసుపత్రి కోట్ల పని వస్తోంది. ఆ నెల ఒకటో తారీఖున మీరు వచ్చి, నా ముందు ఒక్క కోటు కొలత వేసి కోసి చూపించండి. చాలు. ఆ రోజు నుంచి బల్ల మీది."

"చూపించలేకపోతే?" అన్నాడు నాన్న.

షాపాయన నాయనమ్మ వైపు తిరిగి "ఏం పెద్దమ్మా, మోకాళ్లు ఎలా ఉన్నాయి?" అన్నాడు.

"నా మోకాళ్లకేం నాయనా, రెండూ పోటీ పడుతున్నాయి, ఎవరు ముందు పోతారా అని," అంది నాయనమ్మ. అందరూ నవ్వారు. నాన్న నవ్వలేదు.

అయిదు నెలల కిందట, ఎర్రటి ఎండలో షాపు నుంచి వస్తూ నాన్న వీధి మలుపులో కూలబడ్డాడు. తలలో నరం ఏదో చిట్లిందన్నారు. నెల తర్వాత మాట వచ్చింది. రెండు నెలలకు నడక వచ్చింది. ఎడమ చెయ్యి కాస్త బరువుగానే ఉంది కానీ గుడ్డ పట్టి ఉంచగలదు, కత్తెర పట్టే కుడిచేతికి ఏమీ కాలేదు. రానిది ఒక్కటే, లెక్క. అదీ మామూలు లెక్క కాదు. నాలుగూ మూడూ ఏడని చెబుతాడు. అంగుళాల మధ్య ఉండే ముక్కల దగ్గరే తడబాటు. పావు, ముప్పావు, ఎనిమిదో వంతు. ఇరవై రెండేళ్లు ఆ ముక్కలతోనే బతికిన మనిషికి ఇప్పుడు అవే తెలియవు.

"ఈ లెక్క నేనెప్పుడైనా కాగితం మీద వేశానా?" అనేవాడు నాన్న. "మనిషిని చూస్తే వచ్చేసేది. ఇప్పుడు చూస్తే మనిషే కనపడుతున్నాడు."

షాపాయన వెళ్లాక అమ్మ వేళ్ల మీద లెక్కపెట్టింది. ఒకటో తారీఖుకి అయిదు వారాలు. అప్పుడు పిల్లి సందులోంచి బయటికి వచ్చి, సంచీలోంచి ఒక పెద్ద కవరు తీసింది. ఆసుపత్రిలో నాన్నకు మాటలు నేర్పిన డాక్టరమ్మ, మందుల కోసం వెళ్లిన పిల్లి చేతికి ఆ పొద్దున్నే ఇచ్చింది. లోపల నాలుగు కాగితాలు. రెండు కాగితాలు పక్కపక్కన అతికిస్తే మెలికలు తిరిగిన దారి వస్తుంది, ముప్పై గడులు. ఒక్కో గడిలో ఒక్కో లెక్క, తెల్లగడిలో కలపాలి, బూడిదరంగు గడిలో తీసెయ్యాలి. మూడో కాగితం మీద కత్తిరించి, మడిచి, అతికించుకోవాల్సిన పాచిక. నాలుగోది జవాబుల కాగితం.

"రోజూ ఒక ఆట ఆడించు," అని చెప్పింది డాక్టరమ్మ. "జవాబుల కాగితం నీ దగ్గరే పెట్టుకో. ఎక్కడ ఆగిపోతున్నారో, ఏం తప్పు చెబుతున్నారో ఒక పుస్తకంలో రాసుకురా. ఎవరు గెలిచారన్నది నాకక్కర్లేదు. నాకు తప్పులు కావాలి."

పిల్లి తల ఊపింది. ఏది చెప్పినా ఆమె తల ఊపుతుంది.

పాత క్యాలెండరు అట్ట వెనక ఆ కాగితాలు అతికించింది. అతికించే ముందు, పై మూలన చిన్న అక్షరాలతో "వయసు: తొమ్మిది నుంచి పదకొండు సంవత్సరాలు" అని అచ్చువేసిన అంచును నాన్న చూడకుండా కత్తిరించేసింది. ఆ ఇంట్లో గుండీలకు కరువు లేదు కాబట్టి పావులుగా గుండీలు పెట్టింది. నాన్నకు నల్లది, తనకు పసుపుది.

"నాకో?" అంది నాయనమ్మ.

"నీకు లెక్కలు రావుగా నాయనమ్మా."

"మీ నాన్నకీ రావుగా, ఇద్దరం కలిసి ఓడిపోతాం. తోడుంటుంది."

నాన్న ఆ మాటకు నవ్వాడు. నాయనమ్మకూ ఒక గుండీ పెట్టారు. కానీ ఆమె మొదటి పాచిక వేసేలోపే నిద్రపోయింది.

మొదటి ఆట ఇలా సాగింది. నాన్న గుండీ ఆగిన తెల్లగడిలో, నాలుగు మీద ఎనిమిదింట ఐదుకి, అంటే నాలుగు పూర్తి అంగుళాల మీద ఐదు ఎనిమిదో వంతులకి, ముప్పావు కలపమని ఉంది. నాన్న పెదాలు కదిలాయి. ముప్పావు అంటే ఎనిమిదింట ఆరు, అక్కడిదాకా వచ్చాడు. అయిదూ ఆరూ పదకొండు, అదీ వచ్చింది. పదకొండులో ఎనిమిది పోతే మూడు. "నాలుగు మీద ఎనిమిదింట మూడు," అన్నాడు, గొంతులో కొంచెం ధీమాతో.

ఆ ఎనిమిది ముక్కలు కలిసి ఒక పూర్తి అంగుళం అయ్యాయి కదా. ఆ ఒకటి వెళ్లి నాలుగుతో కలవాలి, అయిదు కావాలి. నాన్న తలలో ఆ ఒకటి బయల్దేరింది కానీ నాలుగు దాకా చేరలేదు. దారిలో ఎక్కడో పడిపోయింది.

"తప్పు నాన్నా. అయిదు రావాలి," అంది పిల్లి. ఆట నియమం ప్రకారం నల్లగుండీని మూడు గడులు వెనక్కి జరిపింది.

మళ్లీ వేశాడు. మళ్లీ అదే తప్పు. మళ్లీ వెనక్కి. మూడోసారి కూడా ఆ ఒకటి దారిలోనే పడిపోయింది. నల్లగుండీ బయల్దేరిన చోటికే వచ్చి నిలబడింది. నాన్న పాచికను చేతిలోకి తీసుకున్నాడు. వేస్తాడనుకుంది పిల్లి. వెయ్యలేదు. పిడికిలి బిగించాడు. కాగితం పాచిక నలిగి ఉండయిపోయింది. నాన్న చప్పుడు చెయ్యకుండా ఏడవడం పిల్లి అదే మొదటిసారి చూడటం. కన్నీళ్లు తుడుచుకోవాలని కూడా తోచలేదు ఆయనకి. అవి గడ్డం మీదికి, అక్కడి నుంచి చొక్కా మీదికి జారాయి.

అమ్మ కాజా మధ్యలో సూది వదిలేసి వచ్చింది. నాన్నను లేపి మంచం మీద పడుకోబెట్టి, పిల్లిని వంటింట్లోకి పిలిచింది.

"ఆటే కదే? ఆయన్ని ఏడిపించి నువ్వు గెలిచేదేముంది? ఇప్పుడిప్పుడే రెండు ముద్దలు తింటున్నాడు. అదీ మానేస్తే నేనేం చెయ్యను?"

"తప్పు చెప్పాడమ్మా, అందుకని..."

"తప్పయితే మెల్లగా చెప్పు. లేకపోతే ఊరుకో. ఏడిపించకు. అంతే."

ఆ సాయంత్రం పిల్లి పరీక్ష అట్ట ముక్కతో ఇంకో పాచిక చేసింది, ఈసారి గట్టిది. మర్నాడు ఆట మొదలుపెట్టారు. నల్లగుండీ మళ్లీ అదే గడిలో ఆగింది. నాన్న మళ్లీ అన్నాడు, "నాలుగు మీద ఎనిమిదింట మూడు." అని, పిల్లి ముఖంలోకి చూశాడు. దెబ్బ పడుతుందేమో అని చూసే చూపు అది. ఒక నాన్న తన కూతుర్ని అలా చూడకూడదు.

"సరే నాన్నా," అంది పిల్లి.

అంతే. ఆ ఒకటిని తనే మనసులో కలుపుకుంది. నాన్న పడేసుకున్నదాన్ని తను ఏరి దాని చోట్లో పెట్టినట్టే అనుకుంది. నల్లగుండీ ముందుకు వెళ్లింది. నాన్న ముఖం విప్పారింది. ఆ ఆట ఆయనే గెలిచాడు. పిల్లి పుస్తకంలో తారీఖు వేసి, పక్కన టిక్కు పెట్టింది.

మర్నాడు కూడా సరే అంది. ఆ మర్నాడు కూడా.

పిల్లికి అది తప్పని తెలియక కాదు. రోజూ పడుకునే ముందు రేపు చెబుదాం అనుకునేది. కానీ ఆ రేపు వచ్చేసరికి నాన్న తానే గడ్డం గీసుకుని, అట్ట తానే పరిచి, "పిల్లీ, రా, నిన్నటి దెబ్బ మర్చిపోయావా?" అని పిలిచేవాడు. అన్నం రెండోసారి అడిగేవాడు. ఒకరోజు బీరువా మీద నుంచి పెద్ద కత్తెర దింపించి, నూనె గుడ్డతో తుడిచి, ఊరికే గాలిలో రెండుసార్లు ఆడించాడు. ఆ చప్పుడుకి అమ్మ చీర కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆ చప్పుడు ఆగిపోతుందని తెలిసి నోరు విప్పడం పిల్లి వల్ల అయ్యే పనికాదు. ఎవరైనా పెన్సిలు తీసుకుని తిరిగి ఇవ్వకపోయినా అడగలేక ఊరుకునే మనిషి.

మూడు వారాల తర్వాత డాక్టరమ్మ దగ్గరికి నాన్న, అమ్మ, పిల్లి ముగ్గురూ వెళ్లారు. బయట వరసలో చాలామంది ఉన్నారు. డాక్టరమ్మ పుస్తకం తిరగేసింది.

"ఇరవై ఆటలు. అన్నీ టిక్కులే?" అని పిల్లి వైపు చూసింది. "ఒక్క తప్పు కూడా లేదా?"

పిల్లి తల అడ్డంగా ఊపింది. నాన్న నవ్వుతూ కూర్చుని ఉన్నాడు, బళ్లో బహుమతి కోసం పేరు పిలుస్తారని ఎదురుచూసే పిల్లాడిలా.

"ఇంత తొందరగా ఎవరికీ రాలేదు," అంది డాక్టరమ్మ. నమ్మినట్టూ ఉంది, నమ్మనట్టూ ఉంది. ఇంకేదో అడగబోయింది. అప్పుడే తలుపు దగ్గర ఎవరికో కళ్లు తిరిగాయి, అందరూ లేచారు. ఆమె పుస్తకం పిల్లి చేతిలో పెట్టేసి అటు పరిగెత్తింది.

ఇంటికి వచ్చే దారిలో నాన్న ఆ పుస్తకం తన చేతికి తీసుకున్నాడు. మలుపు తిరిగి నేరుగా షాపుకి వెళ్లి షాపాయనకు చూపించాడు. "చూడండి ఓనరుగారూ, ఇరవైకి ఇరవై." షాపాయన అన్ని పేజీలూ తిప్పి, "ఇంకేం మాస్టారూ, ఒకటో తారీఖున గుడ్డ పరిచి ఉంచుతాను. ఒక్క కోటు ఎందుకు, ఆరు పొరలు వేసి ఒకేసారి కోసేద్దురు గాని," అన్నాడు. పిల్లి షాపు మెట్టు మీద నిలబడి ఉంది.

అయితే మధ్యలో ఒక మంగళవారం ఉంది. దాని గురించి చెప్పకపోతే ఈ కథలో నాన్నకు అన్యాయం జరుగుతుంది.

ఒకటో తారీఖు ఇంకో వారం ఉందనగా, వాన పడుతున్న మధ్యాహ్నం. బడికి సెలవు. నల్లగుండీ ఆగిన గడిలో ఏడున్నరకి ఎనిమిదింట ఐదు కలపాలి. నాన్న ఎప్పటిలాగే మొదలుపెట్టాడు. అర అంటే నాలుగు, నాలుగూ అయిదూ తొమ్మిది, ఎనిమిది పోతే ఒకటి. "ఏడు మీద..." అని ఆగాడు. బొటనవేలితో చూపుడువేలిని రుద్దుకున్నాడు, షాపులో గుడ్డ మీద గీతలు గీసే సున్నంముక్క పొడి అంటినప్పుడు చేసేవాడే, అలా. వాన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

"కాదు. ఎనిమిది మీద ఎనిమిదో వంతు," అన్నాడు నాన్న. "ఒకటి ఇటు దాటింది కదే. ఇందాక నుంచి అది ఎటు పోయిందా అని చూస్తున్నాను."

ఆ ఆటలో అలాంటి లెక్కలు నాలుగు వచ్చాయి. నాలుగింటికీ ఆగాడు, వేలు రుద్దుకున్నాడు, ఒకటిని పట్టుకొచ్చి పెట్టాడు. పిల్లి ఏమీ కలపలేదు, ఏమీ ఏరలేదు. నాన్న నిజంగా గెలిచాడు. పిల్లి పెరటి గుమ్మంలోకి పోయి వానలో చెయ్యి చాపి నిలబడింది. ఎవరితోనైనా చెప్పాలనిపించింది. ఎవరితో చెబుతుంది? ఈరోజు నిజంగా గెలిచాడు అంటే, మిగతా రోజుల సంగతేమిటని అడుగుతారు. లోపలికి వచ్చి, తారీఖు వేసి, పక్కన టిక్కు పెట్టింది. మిగతా వాటికి పెట్టినట్టే, అదే టిక్కు.

బుధవారం మళ్లీ ఆ ఒకటి పోయింది. అలిసిపోయి ఉంటాడు అనుకుంది. గురువారమూ పోయింది. ఒకసారి వచ్చింది కదా, అవసరమైన రోజున వస్తుందిలే అనుకుంది.

ఒకటో తారీఖు పొద్దున నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కత్తెర గుడ్డలో చుట్టి పిల్లి చేతికి ఇచ్చాడు. ఆమె భుజం మీద ఎడమ చెయ్యి వేసుకుని వీధిలోకి దిగాడు. ఎదురుపడ్డ ప్రతివాళ్లూ పలకరించారు, "ఏం మాస్టారూ, పనికేనా?" అని. "పనికే," అన్నాడు ప్రతివాళ్లతోనూ. ఒకరు అడక్కుండానే వెళ్లిపోతుంటే, ఆయన్ని పిలిచి మరీ చెప్పాడు.

షాపులో ఎనిమిది మిషన్లు ఒకేసారి ఆగాయి. కాలర్లు కుట్టే అక్క లేచి వచ్చింది.

"వచ్చారా మాస్టారూ! మీరు లేక మా కాలర్లన్నీ మెడలు వాల్చుకుని ఏడుస్తున్నాయి. ఈ కొత్తాయన కోసిన ముక్కలు నాకు అర్థం కావు బాబూ, చెయ్యేదో వీపేదో వెతుక్కుని కుట్టుకోవాలి."

గోడ దగ్గర నిలబడ్డ కొత్త మాస్టరు సిగ్గుగా నవ్వాడు. "మీ బల్ల ఊరికే కాపలా కాశానండీ," అన్నాడు. మంచివాడే. షాపాయన చెప్పింది నిజమే.

బల్ల మీద లేతబూడిదరంగు గుడ్డ ఆరు పొరలుగా పరిచి, అంచులకు క్లిప్పులు పెట్టి ఉంది. షాపాయన కొలతల చీటీ చదివాడు. ఛాతీ ముప్పై ఏడున్నర. దానిలో నాలుగో వంతు ఎంతో ఆయనే చీటీ మీద రాసి ఉంచాడు, తొమ్మిది మీద ఎనిమిదింట మూడు. దానికి కుట్టుకి, వదులుకి ముప్పావు కలపాలి. ముందు రెండు ముక్కలు, వెనక రెండు ముక్కలు. నాలుగింటికీ అదే వెడల్పు.

నాన్న సున్నంముక్క తీసుకున్నాడు. మిషన్లు ఒక్కొక్కటే మళ్లీ మొదలయ్యాయి, అందరూ తనని చూస్తుంటే మాస్టారు ఇబ్బంది పడతాడని. పిల్లి బల్ల మూల పట్టుకుని నిలబడింది. నాన్న పెదాలు కదులుతున్నాయి. మూడూ ఆరూ తొమ్మిది. ఎనిమిది పోతే ఒకటి. వేలు రుద్దుకుంటాడేమో అని ఆమె ఆ చేతినే చూస్తోంది.

రుద్దుకోలేదు. గుడ్డ అంచున సున్నంతో రాశాడు. తొమ్మిది మీద ఎనిమిదో వంతు.

పది రావాలి.

"నాన్నా," అంది పిల్లి. మిషన్ల చప్పుడులో ఆ గొంతు ఆమెకే సరిగ్గా వినపడలేదు. ఇంకాస్త దగ్గరికి జరిగి చొక్కా అంచు పట్టుకుంది. "నాన్నా, ఒకసారి..."

"ఉండమ్మా," అన్నాడు నాన్న, గుడ్డ మీద నుంచి కళ్లు తిప్పకుండా. తర్వాత తలెత్తి, షాపాయనకు వినపడేలా, "నాకంటే దీనికే భయం ఎక్కువ. రోజూ నా చేతిలో ఓడిపోయేది ఇదే," అన్నాడు. షాపాయన నవ్వాడు. కాలర్ల అక్క నవ్వింది. అందరూ ఆమె వైపు చూశారు.

అంతమంది చూస్తుండగా మా నాన్న లెక్క తప్పు అని ఆ గది మధ్యలో నిలబడి అనాలి. అనగలిగే పిల్ల అయితే అయిదు వారాల కిందటే అనేది. ఆమె చెయ్యి చొక్కా అంచు వదిలేసింది.

కత్తెర కదిలింది. ఆరు పొరలనూ ఒక్క ఊపున తినుకుంటూ, ఎక్కడా తొణక్కుండా పోయింది. చెయ్యి మాత్రం పాత చెయ్యే. కొత్త మాస్టరు దగ్గరికి వచ్చి ఆ కోత చూసి తల ఊపాడు. నాలుగు ముక్కలూ ఆరేసి పొరలు, ఇరవై నాలుగు. నాన్న నుదురు తుడుచుకుని బల్లకి ఆనుకున్నాడు.

కాలర్ల అక్క ముందుముక్క ఒకటి, వెనకముక్క ఒకటి పట్టుకుపోయి పక్కన చేర్చి చూసింది. మళ్లీ చూసింది. చీటీ చూసింది. వాటిని షాపాయన చేతికి ఇచ్చింది. షాపాయన టేపు పెట్టాడు. ముక్కకి అంగుళం తక్కువ. కోటుకి నాలుగు అంగుళాలు. ఎక్కువైతే మడిచి కుట్టొచ్చు, తక్కువైన గుడ్డని ఎవరూ సాగదీయలేరు.

"పోనీండి మాస్టారూ," అన్నాడు షాపాయన. "చిన్న సైజుకి పనికొస్తాయి. మొదటి రోజు కదా." ఆ మాట అంత మెత్తగా అనకపోయినా బాగుండేది.

నాన్న టేపు తీసుకుని తానే కొలిచాడు. మూడుసార్లు. తర్వాత సున్నంతో రాసిన అంకెను చూశాడు. చాలాసేపు చూశాడు. వేలు రుద్దుకున్నాడు. అప్పుడు వచ్చింది ఆ ఒకటి. వచ్చిందని పిల్లికి ఆయన ముఖంలో కనపడింది. నాన్న తలెత్తి గుడ్డను చూడలేదు, షాపాయనను చూడలేదు. పిల్లిని చూశాడు.

ఇంటికి వచ్చేటప్పుడు ఆమె భుజం మీద చెయ్యి వెయ్యలేదు. గోడలు పట్టుకుని నడిచాడు.

గుమ్మంలోనే అమ్మ ఎదురొచ్చింది. ముఖాలు చూసి మంచినీళ్లు తెచ్చింది. నాన్న గ్లాసు పక్కన పెట్టి, "ఆ పుస్తకం తే," అన్నాడు. పిల్లి తెచ్చి ఇచ్చింది. మొదటి పేజీ తీశాడు.

"ఈ మొదటి టిక్కు. నాలుగు మీద ఎనిమిదింట ఐదుకి ముప్పావు. నేనేం చెప్పాను?"

పిల్లి నేల చూసింది.

"గుర్తులేదా?"

"ఉంది నాన్నా. నాలుగు మీద ఎనిమిదింట మూడు అన్నావు."

"నువ్వేమన్నావు?"

"సరే అన్నాను."

"దానికెందుకు పరీక్షలు ఇప్పుడు," అంది అమ్మ మధ్యలోకి వచ్చి. "నేనే అన్నాను ఆయన్ని ఏడిపించకు అని. తిట్టేదేదో నన్ను తిట్టు."

"ఏడిపించకు అన్నావు, సరే. అబద్ధం చెప్పమన్నావా?"

నాయనమ్మ మంచం మీద నుంచి, "ఏమైందిరా అబ్బాయ్?" అంది. "ఎవరైనా చెప్పండి, నాకు సగం వినపడి సగం వినపడక చస్తున్నాను."

"ఏడిస్తే ఏడ్చేవాణ్ణి," అన్నాడు నాన్న. గొంతు పెంచలేదు. "మీ ఇద్దరి ముందే కదా. నాలుగు రోజులు ఏడ్చి అయిదో రోజు నేర్చుకునేవాణ్ణేమో. ఇప్పుడు నేర్చుకుని ఎవరికి చూపించను? ఆయన ఇంకోసారి గుడ్డ పరుస్తాడా? నేను పరవమని ఏ ముఖం పెట్టుకుని అడగను?"

పిల్లి ఏడవలేదు. ఏడవడానికి కూడా తనకు హక్కు లేదనిపించింది. నాన్న పేజీలు తిప్పుతున్నాడు, ఒక్కో టిక్కు మీదా వేలు పెడుతూ. చివరి పేజీ దాకా వచ్చి ఆగాడు.

"ఇన్నింట్లో ఒక్కటి, ఒక్క ఆటైనా నేను నిజంగా గెలిచానా?"

"గెలిచావు నాన్నా!" అంది పిల్లి. ఆ ఇంట్లో ఆమె గొంతు అంత పెద్దగా ఎప్పుడూ వినపడలేదు. "పోయిన మంగళవారం. వాన పడింది చూడు, ఆ రోజు. నాలుగు లెక్కలకి నాలుగూ నువ్వే చెప్పావు. నేనేం చెయ్యలేదు, ఒట్టు. నువ్వే గెలిచావు."

"ఏదీ, చూపించు."

ఆమె వంగి పేజీ వెనక్కి తిప్పి, మంగళవారం మీద వేలు పెట్టింది. నాన్న దాన్ని చూశాడు. పైనున్న సోమవారం టిక్కు చూశాడు. కిందనున్న బుధవారం టిక్కు చూశాడు.

"మూడూ ఒకేలా ఉన్నాయిగా," అన్నాడు.

"నిజం నాన్నా. ఇదొక్కటీ నిజం. నువ్వు ఆగి, వేలు ఇలా రుద్దుకుని, కాదు ఎనిమిది అన్నావు. గుర్తులేదా? ఒకటి ఎటు పోయిందా అని చూస్తున్నాను అన్నావు."

నాన్న గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. కళ్లు చిన్నవి చేసి, దూరంగా ఉన్నదేదో చదవబోతున్నట్టు కాసేపు అలాగే ఉండిపోయాడు. ఆ కాసేపు పిల్లి ఆయన ముఖంలోకే చూస్తూ నిలబడింది. ఆ ఒక్కటీ ఆయన నమ్మితే చాలు. షాపు లేకపోయినా, బల్ల లేకపోయినా, ఆ ఒక్కటీ నమ్మితే రేపు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టొచ్చు. ఈసారి ప్రతి తప్పూ చెబుతుంది.

"సరేనమ్మా," అన్నాడు నాన్న.

అలా అని పుస్తకం మూసి, ఆమె చేతుల్లో పెట్టాడు. విసరలేదు, కోపంగా ఇవ్వలేదు, పొరుగువాళ్ల వస్తువు తిరిగి ఇచ్చేసినట్టు జాగ్రత్తగా ఇచ్చాడు. గోడ పట్టుకుని లేచి, లోపలి గదిలోకి నడిచాడు. పిల్లి వెనకే వెళ్లింది. "నిజం నాన్నా, మంగళవారం నిజం," అంటూనే ఉంది.

నాన్న గుమ్మం దాటి వెనక్కి తిరిగాడు. ఆమె ఇంకా మాట్లాడుతుండగానే తలుపు వేసేశాడు.